జెర్సీ మీద పేరు ఎవరిది?

(మైదానం – మన చరిత్ర: 9వ భాగం)



2021 నవంబర్ 6. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో బేయర్న్ మ్యూనిక్, ఫ్రైబర్గ్ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్. బేయర్న్ వీరాభిమానులు నిలబడే దక్షిణం వైపు గ్యాలరీలో పెద్ద బ్యానర్ ఒకటి లేచింది. క్లబ్బు అధ్యక్షుడు హెర్బర్ట్ హైనర్, సీఈవో ఒలివర్ కాన్ వాషింగ్ మెషీన్ దగ్గర నెత్తుటి మరకల బట్టలు ఉతుకుతున్నట్టు బొమ్మ. పక్కన డబ్బు. కింద రాసిన మాటకు తెలుగు ఇది: డబ్బిస్తే ఏదైనా తెల్లగా ఉతికిపెడతాం.

ఈ బ్యానర్ కట్టింది ఎదుటి జట్టువాళ్లు కాదు. ఆ క్లబ్బునే ప్రాణంగా చూసుకునే సొంత అభిమానులు, సొంత బోర్డు మీద కట్టారు.

మరి ఆ బట్టల మీద నెత్తురు ఎవరిది? ఖతార్‌లో చనిపోయిన వలస కూలీలది. నేపాలీలది, బంగ్లాదేశీయులది, పాకిస్తానీలది, శ్రీలంక వాళ్లది. మనవాళ్లది కూడా. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి, మన ఉద్దానం నుంచి పోయినవాళ్లు ఆ దేశాల ఎండలో ఉన్నారు. అందుకే మ్యూనిక్ గొడవ మన చరిత్రలో భాగం. సిక్కోలు కుర్రాళ్లు ఇది చదవాలి.

ముందు స్పాన్సర్ అంటే ఏమిటో చూద్దాం. కంపెనీ డబ్బిస్తుంది, క్లబ్బు జెర్సీ మీద దాని పేరు వేసుకుంటుంది. సబ్బుల కంపెనీ అయితే సబ్బులు అమ్ముకోవడానికే. కానీ ఒక రాజ్యం తన సొంత విమాన సంస్థ పేరు వేయించుకుంటే, అమ్ముడయ్యేది టికెట్లు మాత్రమే కాదు. ఆ దేశం పేరు చెప్పగానే జనానికి కూలీల శవపేటికలు గుర్తుకు రాకూడదు. గోల్ కొట్టి చేతులు చాపిన ఆటగాడు గుర్తుకు రావాలి. దీనికి స్పోర్ట్స్‌వాషింగ్ అని పేరు పెట్టారు. ఆటతో మురికి వదిలించుకోవడం. మన ఊళ్లలో ఉతికే పని ఒక కులం నెత్తిన పెట్టారు. ఉతికించుకున్నవాడు పెద్దమనిషి అయ్యాడు, ఉతికినవాడికి చిన్నచూపు మిగిలింది. ఇక్కడ మాత్రం ఉతికిపెట్టేవాళ్లకే కోట్లు, హోదా, మొదటి వరుస కుర్చీలు.

ఈ పని కొత్తదేమీ కాదు. మన శ్రీముఖలింగమే చూడండి. వంశధార ఒడ్డున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించినవారిలో, ఈ చుట్టుపక్కల పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ముఖ్యులు. మధుకేశ్వరాలయం రాళ్ల మీద శాసనాలు చదవండి. ఫలానావారు ఆరని దీపం పెట్టించారు, ఫలానావారు దానం ఇచ్చారు. ఇచ్చినవారి పేరు ఉంటుంది, రాజు పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. ఆ రాయిని కొండ నుంచి మోసుకొచ్చినవాళ్ల పేర్లు ఎక్కడ? ఆ దానానికి కావలసిన సంపద పండించిన చేతులు ఎవరివి? ఇచ్చినవాడు ఎలా సంపాదించాడన్నది శాసనం చెప్పదు. ఇచ్చాడన్నదే చెబుతుంది. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా మనం చదివేది దాత పేరే. జెర్సీ మీద పేరు వేయించుకునేవాడికి కావలసింది కూడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు గల్ఫ్ సంగతి. 2010 డిసెంబర్ 2న ఫిఫా 2022 ప్రపంచకప్‌ను ఖతార్‌కు ఇచ్చింది. ఆ తర్వాత స్టేడియాలు, మెట్రో, విమానాశ్రయం, రోడ్లు, హోటళ్లు, ఒక కొత్త నగరమే లేపారు. లేపినవాళ్లు దక్షిణాసియా కూలీలు. వాళ్లను కట్టిపడేసిన పద్ధతి పేరు కఫాలా. కూలీని రప్పించుకున్న యజమాని కఫీల్. 2020 వరకు కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలుండేది కాదు. చాలాకాలం దేశం వదిలి రావడానికి కూడా అతని అనుమతే కావాలి. పాస్‌పోర్ట్ తీసి పెట్టుకోవడం చట్టానికి విరుద్ధమైనా మామూలుగా జరిగేది.

మిత్రులారా, ఈ కఫీల్‌ను ఇంగ్లిషులో ఏమంటారో తెలుసా? స్పాన్సర్.

ఒకే మాట. మ్యూనిక్‌లో స్పాన్సర్ అంటే క్లబ్బు చేతిలో చెక్కు పెట్టేవాడు. దోహాలో స్పాన్సర్ అంటే కూలీ చేతిలో పాస్‌పోర్ట్ లాక్కునేవాడు. బేయర్న్ అభిమానులు అడిగిన ప్రశ్న అంతా ఈ రెండు అర్థాల మధ్యనే ఉంది.

2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక ఒక లెక్క బయటపెట్టింది. ప్రపంచకప్ కేటాయించిన నాటి నుంచి పదేళ్లలో ఐదు దక్షిణాసియా దేశాల కూలీలు 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారు. అందులో భారతీయులు 2,711 మంది. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. వీళ్లంతా స్టేడియాల పనిలోనే చనిపోయారని కాదు. అన్ని రకాల పనుల్లో, అన్ని కారణాలతో జరిగిన మరణాలు అవి. ఖతార్ కూడా ఇదే వాదించింది, అంతమంది కూలీలున్న చోట ఇన్ని చావులు మామూలేనని. అసలు నేరం అక్కడే ఉంది. చాలా చావులకు సహజ మరణమని, గుండె ఆగిందని రాసి ఫైలు మూసేశారు. శవపరీక్ష లేదు. ఎండదెబ్బా, పనిభారమా అన్న విచారణ లేదు. కారణం రాయకపోతే బాధ్యుడు లేడు, బాధ్యుడు లేకపోతే నష్టపరిహారం లేదు.

ఉద్దానం వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, హెల్పర్లుగా ఎంతమంది విదేశాలకు పోయారో ఊరూరా తెలుసు. ఏజెంటుకు అప్పు చేసి కట్టడం, చెప్పిన పని ఒకటి అక్కడ ఇచ్చేది ఒకటి కావడం, శవం రావడానికి వారాల తరబడి ఎదురుచూడటం మనకు వార్తలు కావు, ఇంటి సంగతులు. పోయేవాళ్లలో భూమి లేనివాళ్లు, ఉన్నా చాలనివాళ్లు, దళిత బహుజనులే ఎక్కువ.

మళ్లీ మ్యూనిక్ వద్దాం. బేయర్న్ జట్టు 2011 నుంచి చలికాలం శిక్షణకు దోహా వెళ్లడం మొదలుపెట్టింది. 2018 నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ పేరు జెర్సీ చేతి మీదకు ఎక్కింది. అభిమానులు అప్పటికే అడుగుతున్నారు. బోర్డు జవాబు ఒకటే: మాట్లాడుతూ ఉంటేనే మార్పు వస్తుంది, దూరం పెడితే రాదు. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. 2020లో ఖతార్ ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అవసరం లేకుండా చట్టం మార్చింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలు చేసింది. అయితే ఆ మార్పు తెచ్చింది జెర్సీ మీది పేరా? అంతర్జాతీయ కార్మిక సంస్థకు వెళ్లిన ఫిర్యాదులు, కార్మిక సంఘాల ఒత్తిడి, పాత్రికేయుల కథనాలు తెచ్చాయి. మాట్లాడుతున్నామన్న క్లబ్బు, మాట్లాడాల్సిన చోటికి మాత్రం రాలేదు.

ఎలాగంటే, 2020 జనవరిలో అభిమాన సంఘాలు మ్యూనిక్‌లో ఒక చర్చ పెట్టాయి. ఖతార్‌లో పనిచేసిన వలస కార్మికులనే పిలిచి మాట్లాడించాయి. క్లబ్బును కూడా పిలిచాయి. క్లబ్బు తరఫున ఎవరూ రాలేదు. మొత్తం ఉద్యమంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. మన గురించి ఎవరో మాట్లాడటం మనకు అలవాటు. ఆ కుర్రాళ్లు కూలీని వేదిక మీద కూర్చోబెట్టారు. సాక్ష్యం అనుభవించినవాడిదే అని ఒప్పుకున్నారు.

తర్వాత ఘట్టం 2021 నవంబర్ 25. బేయర్న్ సర్వసభ్య సమావేశం. జర్మనీలో క్లబ్బుల సంగతి మనకన్నా వేరు. అక్కడ 50+1 అనే నియమం ఉంది. ఎంత పెట్టుబడి వచ్చినా, ఓట్లలో సగానికి పైన సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. 2021లో బేయర్న్‌కు దాదాపు 3 లక్షల మంది సభ్యులు ఉండేవారు. ఫుట్‌బాల్ కంపెనీలో 75 శాతం సభ్యుల సంఘానిది, మిగిలిన 25 శాతం అడిడాస్, ఆడి, అలియాంజ్ కంపెనీలది. అంటే కాగితం మీద యజమానులు అభిమానులే.

మైకేల్ ఓట్ అనే సభ్యుడు ముందుగానే తీర్మానం పంపాడు: ఖతార్ ఎయిర్‌వేస్ ఒప్పందాన్ని పొడిగించకూడదు. బోర్డు దాన్ని ఓటింగుకు రానివ్వలేదు. ఇది తేల్చే అధికారం సర్వసభ్య సమావేశానికి లేదంది. ఓట్ కోర్టుకు వెళ్లాడు, అక్కడా చుక్కెదురైంది. కరోనా ఆంక్షల వల్ల వెయ్యిలోపు మందే ఉన్న ఆ హాలులో గంటల తరబడి వాదన నడిచింది. సభలో అప్పటికప్పుడు తీర్మానం పెట్టబోతే అదీ కుదరదన్నారు. ఇంకా మాట్లాడాల్సినవాళ్లు ఉండగానే అధ్యక్షుడు సభ ముగించాడు. హాలు అరుపులతో నిండిపోయింది: బేయర్న్ అంటే మేము, మీరు కాదు! క్లబ్బును దశాబ్దాలు నడిపిన ఉలీ హోనెస్, తాను ఈ క్లబ్బులో చూసినవాటిలో ఇంత ఘోరమైన సభ లేదన్నాడు.

తేదీ గమనించారా? నవంబర్ 25. 1949లో సరిగ్గా అదే తేదీన బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగ సభలో తన చివరి పెద్ద ప్రసంగం చేశారు. రాజకీయాల్లో మనిషికో ఓటు, ఓటుకో విలువ ఇస్తున్నాం, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ విలువ నిరాకరిస్తున్నాం, ఈ వైరుధ్యం ఎంతోకాలం నిలవదని హెచ్చరించారు. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. వైరుధ్యం మాత్రం ఒక్కటే. ఓటు నీది, నిర్ణయం మాది. సభ్యత్వం నీది, ఎజెండా మాది. పంచాయతీలో రిజర్వేషన్ సీటు మనది, సంతకం పెట్టించేవాడు ఇంకొకడు అయినట్టు.

ఆ అభిమానులకు ఇంత పట్టుదల ఎక్కడిది? ఇక్కడే చరిత్ర విద్యార్థులకు పని ఉంది. కుర్ట్ లాండావర్ అని ఒకాయన ఉండేవాడు. యూదుడు. ఆయన అధ్యక్షుడిగా ఉండగా 1932లో బేయర్న్ మొదటిసారి జర్మన్ చాంపియన్ అయింది. హిట్లర్ వచ్చాక 1933 మార్చిలో పదవి వదలాల్సి వచ్చింది. 1938లో డాఖావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడి స్విట్జర్లాండ్ వెళ్లాడు. 1947లో తిరిగొచ్చి మళ్లీ క్లబ్బును భుజాన వేసుకున్నాడు. ఇంత చేసిన మనిషిని తర్వాత దశాబ్దాలపాటు క్లబ్బు దాదాపు మరిచిపోయింది. గుర్తుచేసింది గ్యాలరీ కుర్రాళ్లు. షికెరియా అనే అభిమాన బృందం ఆయన పేరు మీద టోర్నమెంట్ నడిపింది, స్టేడియంలో ఆయన బొమ్మ లేపింది. 2013లో క్లబ్బు ఆయన్ను గౌరవాధ్యక్షుడిగా ప్రకటించింది. 2014లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య షికెరియాకు యూలియస్ హిర్ష్ పురస్కారం ఇచ్చింది.

లాండావర్ కథ తవ్వి తీసిన గ్యాలరీయే ఖతార్ డబ్బును ప్రశ్నించింది. మా క్లబ్బు విలువ ఏమిటో మాకు తెలుసు, వెలివేతకు గురైన మనిషి కట్టిన క్లబ్బు ఇది, వెలివేసేవాళ్ల డబ్బు దీనికి ఎందుకు అని అడగగలిగింది. చరిత్ర చేతిలో ఉన్నవాడికి కొలబద్ద దొరుకుతుంది. అది లేనివాడు ఎవడు ఎంత ఇచ్చాడన్న లెక్కే చూస్తాడు. మన పెద్దలు మన చరిత్ర మనమే రాసుకోవాలని ఎందుకన్నారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

చివరికి ఏమైంది? 2022 జూలైలో క్లబ్బు ఒక బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టింది. ఖతార్ రాయబారి, మానవ హక్కుల సంస్థలు, అభిమానుల ప్రతినిధులు వచ్చారు. 2023 జూన్‌లో ఒప్పందం గడువు ముగిసింది. ఇరుపక్షాలూ కలిసి నిర్ణయించాయని ప్రకటించారు. అభిమానుల ఒత్తిడి వల్ల అన్న మాట అందులో లేదు. గెలిచినా గెలిచావని ఒప్పుకోరు, అది మనకూ తెలిసిందే.

సంబరం రెండు నెలలే. 2023 ఆగస్టులో విజిట్ రువాండా ప్రచారంతో ఐదేళ్ల ఒప్పందం. మళ్లీ బ్యానర్లు. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరాన్ని ఎం23 తిరుగుబాటుదారులు ఆక్రమించారు. వాళ్ల వెనుక రువాండా సైన్యం ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులే నివేదిక ఇచ్చారు. బేయర్న్, ఆర్సెనల్, పీఎస్‌జీ క్లబ్బులు ఆ డబ్బు వదులుకోవాలని కాంగో విదేశాంగ మంత్రి లేఖలు రాశారు. 2025 ఆగస్టులో బేయర్న్ వాణిజ్య ప్రచారం భాగాన్ని తీసేసి, పిల్లల ఫుట్‌బాల్ శిక్షణకు పరిమితం చేసింది. ఒక పేరు చెరిపితే ఇంకో పేరు వస్తుంది. ఒక్క బ్యానర్‌తో అయిపోయే పని కాదిది.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. జెర్సీ మీద పేరు పోయింది సరే, చనిపోయిన కూలీ ఇంటికి ఏం వచ్చింది? కార్మికులకు నష్టపరిహారంగా కనీసం 44 కోట్ల డాలర్లు కేటాయించాలని 2022లో మానవ హక్కుల సంస్థలు ఫిఫాను అడిగాయి. అంతే సొమ్ము ఆ ప్రపంచకప్‌లో జట్లకు బహుమతులుగా ఇచ్చారు. 2024లో ఫిఫా ప్రకటించిన 5 కోట్ల డాలర్ల నిధి వేరే సామాజిక పనులకు పోయింది, చనిపోయినవాళ్ల కుటుంబాలకు కాదు. మ్యూనిక్ అభిమాని తన జెర్సీ శుభ్రం చేసుకున్నాడు. అది అతని పోరాటం, గొప్ప పోరాటం. కానీ శవపేటిక అందుకున్న ఇంటి పోరాటం ఆ ఇల్లే చేయాలి, ఆ ఇంటితో మనం నిలబడాలి. సానుభూతి దూరం నుంచి వస్తుంది. హక్కు మన సంఘం నుంచే వస్తుంది.

మన దగ్గర ఇలాంటి హాలు, ఇలాంటి మైకు ఉన్నాయా? హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా నిషేధాలు, చేతులు మారడం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరే మారిపోయింది. గ్యాలరీలో గొంతు చించుకున్న అభిమానిని ఎవరూ అడగలేదు. అతను టికెట్ కొన్నవాడే, సభ్యుడు కాదు. కలకత్తాలో మోహన్ బగాన్ అభిమానులు మాత్రం తమ 1889 నాటి క్లబ్బు ముందు తగిలించిన ఏటీకే అనే పేరు తీసేయాలని మూడేళ్లు కొట్లాడారు. 2023లో తీయించారు. వాళ్లకూ పూర్తి అధికారం ఏమీ లేదు, తరతరాల హక్కు భావన ఉంది. హక్కు కాగితం మీద కొంత, గుండెలో కొంత ఉండాలి. రెండూ లేనిచోట క్లబ్బును మూట కట్టి రైలెక్కిస్తారు.

ఇప్పుడు మన ఊళ్లు చూడండి. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, వాలీబాల్, క్రికెట్ కప్పులు. అంబేద్కర్ జయంతికి కూడా టోర్నమెంట్లు. కుర్రాళ్ల బనీన్ల మీద ఎవరి పేర్లు? మన డి-పట్టా భూమి చుట్టూ కంచె వేసినవాడిది, ఇసుక తవ్వేవాడిది, మందు షాపువాడిది, బెట్టింగ్ యాప్‌ది. కప్పుకు పదివేలు ఇచ్చి ఏప్రిల్ 14న బాబాసాహెబ్ ఫ్లెక్సీ మీద ఆయనకన్నా పెద్ద ఫొటో వేయించుకుంటున్నాడు. రేపు మన భూమి కేసు వచ్చినప్పుడు మన కుర్రాళ్లే అన్నా అన్నా అంటూ వెనకాడుతున్నారు. పదివేలతో వాడు కొన్నది కప్పు కాదు, ఆ వెనకాడటాన్ని.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, డబ్బే వద్దని నేను అనడం లేదు. బంతి కొనాలి, నెట్ కొనాలి, నాకు తెలుసు. కమిటీ పెట్టినప్పుడు సభ్యుల జాబితా రాయండి, అమ్మాయిల పేర్లతో సహా. ఎవరి దగ్గర డబ్బు తీసుకోవాలో సభలో తేల్చండి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. ఆ మనిషి వల్ల నష్టపోయినవాళ్లు ఊళ్లో ఉంటే, వాళ్లను పిలిచి ముందు వాళ్ల మాట వినండి. మ్యూనిక్ కుర్రాళ్లు చేసింది అదే. ఇంటింటికీ ఇరవై, యాభై వసూలు చేసి ఆడిన కప్పు చిన్నదే కావచ్చు, దాని మీద పేరు మాత్రం పేటదవుతుంది.

రాయి మీద పేరు చెక్కించుకోవడం దాతలకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ డబ్బు ఎక్కడిదని సభలో లేచి అడగడం మనం నేర్చుకోవాలి. ఆ సభలో మన కుర్చీ ఉండేలా ముందు చూసుకోవాలి.

వచ్చే భాగంలో పల్వంకర్ బాలూ గురించి రాస్తాను. చర్మకార కులంలో పుట్టి, జట్టును గెలిపించి కూడా కెప్టెన్సీకి నోచుకోని బౌలర్. అక్కడ కూడా ప్రశ్న ఇదే: ఆడేది ఎవరు, క్లబ్బు ఎవరిది?

జై భీమ్.